మనిషి పీరియడు

మా మనవరాలి బడి రుషికొండ దారిలో ఉంది. కొండ వాలు మీద అద్దాల మేడ. దాన్ని బడి అంటే మా కోడలు నొచ్చుకుంటుంది, క్యాంపస్ అనాలట. మొన్న ఆ క్యాంపస్ నుంచి కోడలి ఫోనుకి మెసేజీ వచ్చింది. తెలుగు వారం జరుపుతున్నారట. పిల్లల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి పావుగంటసేపు తెలుగులో మాట్లాడాలట. అలా వచ్చేవాళ్ళని కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ అంటారట.

"అత్తయ్యా, మీ పేరిచ్చేశాను," అంది కోడలు.

"అడక్కుండానే?"

"అడిగితే మీరు ఒప్పుకోరు కదా!"

అదీ నిజమే. నాకు కోపం ముందొస్తుంది, మంచితనం వెనకాల నడిచొస్తుంది. కానీ ఆ రోజు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నారు గానీ, మా చిన్నప్పుడు మల్కాపురంలో మా తెలుగు మాస్టారు ఈ పని చేసేశారు. మేం దానికి పెట్టుకున్న పేరు మనిషి పీరియడు. ఆ పీరియడుకి మా మామ్మని ఇరికించింది నేనే. ఇరికించాక ఆవిడ పరువు కాపాడ్డానికి నానా తంటాలూ పడిందీ నేనే. ఆ సంగతి చెప్పాలి.

మా ఇల్లు రిఫైనరీ గోడకి కూతవేటు దూరం. గాలి అటు తిరిగితే నూనె వాసన, ఇటు తిరిగితే ఎండు నెత్తళ్ళ చేపల వాసన. రెండూ లేని రోజున మాకు ఊపిరాడేది కాదు. పోర్టు వైపు నుంచి ఎర్ర దుమ్ము వచ్చి పడేది. పొద్దున్న ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి కాషాయం అయిపోయేది. "మన ఈదిలో సన్నాసులెక్కువైపోనారే," అని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ఆయన పోర్టులో కళాసీ. సైరన్ మోతని బట్టి మా పొయ్యిలు వెలిగేవి, సైరన్ మోతని బట్టి ఆరేవి.

అమ్మ రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోయేది కాబట్టి నన్ను పెంచింది మామ్మే, అంటే మా నాన్న తల్లి. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచి, అందులోకి ఉల్లిపాయ చిదిమి, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు రెండు పక్కన పెట్టి, "తినీసి ఎల్లు, కాళీ కడుపుతో సదువు బుర్రకెక్కదు," అనేది. చదువు గురించి మాట్లాడే హక్కు మా వీధిలో మామ్మకే ఉందని అందరి నమ్మకం. ఎందుకంటే ఆవిడ పేరే సదువుల మామ్మ.

ఆ పేరు గుడి నుంచి వచ్చింది. గుడి అంటే మా చర్చి. ఆడవాళ్ళ వైపు చాప మీద ముందు వరుసలో మామ్మ కూర్చునేది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పాట నెంబరు చెప్పేవారు. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని, బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, పాటల పుస్తకంలో సరిగ్గా ఆ నెంబరు తీసేది. పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని ఒక్కో చరణం ఎత్తేది. ఆ వరుసల్లో అక్షరం వచ్చినవాళ్ళు దాదాపు లేరు. మామ్మ ఒక లైను అందిస్తే వాళ్ళు ఆ లైను పాడేవాళ్ళు. పేజీ తిప్పాల్సిన చోట పేజీ తిప్పేది. ఇంటి దగ్గర ప్రార్థన కూటాల్లోనూ అంతే. పెళ్ళికి, చావుకి, పుట్టినరోజుకి మామ్మ లేకపోతే పాట లేదు. అత్తవారింటికి వెళ్ళే పిల్లలకి తల్లులు, "సదువుల మామ్మ లాగ సదువుకున్నావేటి, నోరెత్తడానికి?" అని బుద్ధి చెప్పేవాళ్ళు.

ఇక నా చదువు. అబద్ధమెందుకు, అప్పట్లో నాకు చదవడం రాదు. ఆరో తరగతికి వచ్చేశాను గానీ, పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి, కలవవు. అయినా ఎవరికీ దొరకలేదు. పక్కవాళ్ళు పాఠం చదువుతుంటే రెండుసార్లు వింటే నాకు మొత్తం వచ్చేసేది. నా వంతు వచ్చినప్పుడు వేలు లైన్ల కింద జరుపుకుంటూ గడగడా అప్పజెప్పేదాన్ని. మా క్లాసులో మానిటరు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పోర్టు గుమాస్తా గారి అమ్మాయి. రెండు జడలు, మడత నలగని గౌను. ఆ పిల్ల ఓసారి, "నీ వేలు ఈ లైన్లో ఉంది, నోరు పై లైన్లో ఉందేమిటి?" అంది. ఆ రోజు నుంచి నేను ఆ పిల్లతో పచ్చి, మాటల్లేవు.

మా తెలుగు మాస్టారిది గోదావరి జిల్లా. ఏ మాటన్నా చివర్న 'అండి' తగిలించకపోతే ఆయనకి అన్నం అరిగేది కాదు. పిల్లల్ని కూడా అండీ అనేవారు. "మీరు లెక్కలు ఎగ్గొట్టి బెల్లం జీళ్ళు తింటున్నారండి, చాలా తప్పండి," అని చెవి మెలేసేవారు. మా బడికి గ్రంథాలయం అంటూ ఒక రేకు పెట్టె ఉండేది. ఆయన వచ్చిన కొత్తలో దాని మూత తీస్తే లోపల చెదపురుగులు తప్ప ఏమీ లేవు. ఆయన అందులోకి తొంగి చూసి, "పెట్టె ఖాళీ అయితే అయిందండి. ఊరు ఖాళీగా లేదు కదండీ," అన్నారు.

ఆ మర్నాటి నుంచి మొదలైంది మా గోల. చదవడానికి పనికొచ్చేది ఏది దొరికితే అది పట్టుకురమ్మన్నారు. బజ్జీల కొట్టు దగ్గర పొట్లం కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, గోడ క్యాలెండర్లు, గోడ నుంచి ఊడిన సినిమా పోస్టరు ముక్కలు తెచ్చాం. నూనె మరకల బజ్జీ కాగితాలు చదవడం కన్నా వాసన చూడడం మీద మాకు శ్రద్ధ ఎక్కువ. ఒకడైతే కాగితంతో పాటు బజ్జీ కూడా తెచ్చి, పాఠం అయ్యేలోపు సాక్ష్యం లేకుండా చేశాడు.

శుక్రవారం ఆఖరి పీరియడుకి మాస్టారు మనుషుల్ని తెచ్చేవారు. వీధిలో ఎవరో ఒకరు వచ్చి, తమ పని గురించి తమ మాటల్లో చెప్పాలి. మేం విని, విన్నది విన్నట్టు రాసి చదవాలి. మొదటి వారం మా నాన్నతో పనిచేసే కళాసీ మావయ్య వచ్చాడు. ఓడ తాడు ఎలా కట్టాలో చెప్పమంటే చెమటలు పట్టి, "నానేటి సెప్పేది బాబూ, కట్టి సూపెడతాను," అని మానిటరుని బెంచీకి కట్టేశాడు. నా జన్మలో అంత ఇష్టపడిన తెలుగు పాఠం ఇంకోటి లేదు. రెండో వారం బడ్డీకొట్టు అప్ప వచ్చింది. మూడో వారం మానిటరు వాళ్ళమ్మ వచ్చి ఆవకాయ కలపడం చెప్పింది. "మీ అమ్మగారు భలే చెప్పారండి," అని మాస్టారు మెచ్చుకున్నారు. మానిటరు రెండు జడలూ ముందుకేసుకుని నా వైపు చూసింది.

అంతే, నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "సార్, మా మామ్మ చెప్పడం కాదు, చదువుతుంది. పాటల పుస్తకం అంతా గడగడా చదివేస్తుంది. మా గుడిలో ఆడోళ్ళలో చదవడం వచ్చింది మా మామ్మకే," అన్నాను.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఆయ్! అయితే వచ్చే శుక్రవారం మామ్మగారేనండి," అన్నారు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి మరీ పిలిచారు. మామ్మ ఆయనకి కుర్చీ వేసి, తాను గుమ్మంలో నిలబడి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, "అలాగే బాబూ, దానికేటి," అంది. కొంచెం గొంతు తడబడినట్టు నాకు అనిపించింది. సిగ్గనుకున్నాను.

ఆ వారంలోనే గుడికి కొత్త పాటల పుస్తకాలు వచ్చాయి. పాతవి చిరిగిపోయాయని కొత్తగా అచ్చు వేయించారట. పాతవన్నీ లోపలి పల్లెల్లో గుళ్ళకి పంపడానికి తీసేసుకున్నారు. అయ్యగారు కొత్త పుస్తకం మొదటి ప్రతి మామ్మ చేతికే ఇచ్చి, వచ్చే ఆదివారం నుంచి ఇందులోంచే పాడాలి అన్నారు. మామ్మ దాన్ని ఉతికిన తువ్వాలులో చుట్టి దాచింది. కొత్త అచ్చు వాసన, మా ఇంట్లో ఎప్పుడూ లేని వాసన, గూట్లోంచి వస్తూ ఉండేది.

బుధవారం సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. "మామ్మా, శుక్రవారం ఏం చదువుతావు?" అన్నాను.

"అరవయ్యో నెంబరు సదువుతాను. తెల్లారగట్ట పాట," అని కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తీసింది. నెంబరు సరిగ్గా తీసింది. పాట ఎత్తింది. నేను ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి పుస్తకంలోకి చూస్తున్నాను. తెల్లారగట్ట పాటకి అయిదు చరణాలు. నాకు కంఠతా వచ్చు. పుస్తకంలో చూస్తే అరవయ్యో నెంబరు పాట నాలుగే లైన్లుంది. దాని కింద గీత కొట్టి, పెద్ద అంకెల్లో అరవై ఒకటి అని ఉంది. మామ్మ మాత్రం నెంబరు తీశాక మళ్ళీ పేజీ వంక చూడకుండా, చూపు దాని మీంచి వీధిలోకి పోనిచ్చి, మూడో చరణం పాడుతోంది. నాలుగో చరణానికి వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది. అక్కడ అరవై మూడు ఉంది. మామ్మ అయిదో చరణం హాయిగా ముగించింది.

పాము కాళ్ళు పాముకే తెలుస్తాయంటారు. ఇంకెవరైనా అయితే పుస్తకం తప్పనుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ వేలు, ఆ చూపు, ఆ పేజీ తిప్పడం అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. నేను క్లాసులో రోజూ చేస్తున్నది అదే కదా! మామ్మకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. పాత పుస్తకంలో ఏ నెంబరుకి ఏ పాటో, ఎక్కడ పేజీ తిరుగుతుందో అంతా ఆవిడ కడుపులో ఉంది. కొత్త అచ్చులో నెంబర్లు మార్చేశారు. ఆ సంగతి ఆవిడకి తెలీదు. తెలిసే దారి కూడా లేదు.

శుక్రవారం క్లాసులో నలభై మంది. మానిటరు ముందు బెంచీలో. మామ్మని అక్కడికి లాగింది నేను, నా పాడు నోరు. చెబుదామంటే ఎలా చెప్పను? 'నీకు చదవడం రాదని నాకు తెలిసిపోయింది' అని మామ్మ మొహం మీద అనగలనా? రెండు రోజులు అన్నం సయించలేదు. "జొరం తగిలిందేటే?" అని మామ్మ నుదురు పట్టుకు చూసింది.

శుక్రవారం పొద్దున్న నాకో గొప్ప ఉపాయం తట్టింది. మామ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి బియ్యం డబ్బాలో అడుక్కంటా పూడ్చేశాను. కళ్ళజోడు లేదు కాబట్టి ఎవరూ చదవమనరు, ఆవిడే రానంటుంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి బడికి పోయాను.

ఆఖరి పీరియడు గంట కొట్టారు. గుమ్మంలో మామ్మ! గంజి పెట్టిన తెల్లచీర, తువ్వాలులో చుట్టిన పుస్తకం. కళ్ళజోడు లేదు. ఇల్లంతా వెతికిందట, దొరకలేదట. "బాబు ఇంటికొచ్చి పిలిసినాక రాకుండా ఉంతామేటి," అంది మాస్టారితో. తువ్వాలు విప్పి, ముందే పుల్ల గుర్తు పెట్టుకున్న అరవయ్యో నెంబరు తీసి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, తెల్లారగట్ట పాట అయిదు చరణాలూ ఒక్క మాట తప్పకుండా చదివేసింది. ఆ గొంతుకి బయట బడ్డీకొట్టు దగ్గర జనం కూడా ఆగారు. క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది.

మానిటరు మాత్రం కొట్టలేదు. నోరు తెరుచుకుని, "మామ్మగారూ, కళ్ళజోడు లేకుండానే ఎలా చదివారండీ? మా తాతయ్యకి కళ్ళజోడు లేకపోతే ఏనుగు కూడా కనపడదు," అంది. పాపం, ఆ పిల్ల మెచ్చుకుంటోందని నాకు ఇప్పుడు తెలుసు. అంటూనే లేచి మామ్మ పక్కకొచ్చి పుస్తకంలోకి వంగింది. "సార్, ఇందులో వేరే పాటుందండీ," అంది.

నేను లేచిపోయాను. "కళ్ళజోడు లేదు గనక తప్పు పేజీ తీసింది సార్! నేనే దాచేశాను! బియ్యం డబ్బాలో ఉంది!" అని అరిచాను. క్లాసు గొల్లుమంది.

మాస్టారు మెల్లగా వచ్చి ఆ పేజీ, పుస్తకం ముందుమాట చూశారు. ఆయనకి క్షణంలో తెలిసిపోయింది. "కొత్త అచ్చు కదండీ, నెంబర్లు మార్చారండి. పాత నెంబరు ప్రకారం మామ్మగారు చదివిందే సరైనదండి. అందరూ కూర్చోండి," అని సర్దేశారు. సర్దేస్తే అక్కడితో అయిపోవాల్సింది.

మామ్మ కదల్లేదు. "నెంబర్లు మార్చీసారా బాబూ?" అంది. "అన్నీనా?"

"దాదాపు అన్నీనండి."

మామ్మ పుస్తకంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. తరవాత నా వైపు చూసింది. బియ్యం డబ్బా సంగతి ఆవిడకి అప్పుడు అర్థమైంది. నాకు తెలుసని ఆవిడకి తెలిసిపోయింది. నేను ఏడుస్తూ నిలబడ్డాను.

"ఆ గుంట నా కోసం బళ్ళో అబద్ధం ఆడతంది," అంది మామ్మ. "నాను ఆడింది సాలు. కళ్ళజోడు ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే బాబూ. నాకు అచ్చరం రాదు. సిన్నప్పుడు ఓడల్లోకి ఇనప రాయి తట్టలు మోసీదాన్ని. టోకెను మీద నెంబరు, రైలు పెట్టి మీద నెంబరు, అలగ అంకెలొచ్చినాయి. పాటలు మాయమ్మ పాడతంటే ఒచ్చినాయి. సదివినట్టు పట్టుకున్నాను, అందరూ సదువుల మామ్మన్నారు. కాదనడానికి నోరు రానేదు. ఇన్నేళ్ళూ రానేదు."

నాకు నేల బీటలు వారి లోపలికి పోవాలనిపించింది. మాస్టారు పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు.

"మామ్మగారూ, మీకు ఎన్ని పాటలొచ్చండీ?"

"ఎన్నేటి బాబూ. పాత పుత్తకం మొత్తం."

"ఆయ్," అన్నారు ఆయన. "అందరూ నోటు పుస్తకాలు తీయండమ్మా. మామ్మగారు చెబుతారు, మీరు రాయండి. నేను కూడా రాస్తానండి."

మామ్మ కూర్చుని, గుళ్ళో ఆడవాళ్ళకి అందించినట్టు ఒక్కో లైను ఆపి ఆపి అందించింది. నలభై మంది రాశారు. నేనూ రాశాను, తప్పులతడక. అయితే రాసింది చూస్తుంటే ఓ విచిత్రం జరిగింది. పాట ముందే వచ్చు కాబట్టి, ఏ అక్షరాల గుంపు ఏ మాటో నాకు తెలుస్తోంది. అక్షరాలు కలుస్తున్నాయి! బెంచీ మీద కూర్చుని పిచ్చిదానిలా ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

బళ్ళో సంతోషం వీధి దాకా రాలేదు. నలభై మంది పిల్లలంటే నలభై నోళ్ళు. చీకటి పడేలోగా, "సదువుల మామ్మకి సదువు రాదంటొలే!" అని కుళాయి దగ్గర ఒకటే నవ్వులు. మామ్మ తలుపు దగ్గరగా వేసుకుంది. శనివారం నెత్తళ్ళు బాగుచేస్తూ, "రేపు నాను గుడికి రాను. ఏ మొకం పెట్టుకుని ముందు వరసలో కూకోను? ఎనక్కూడా కూకోను," అంది. ఆదివారం మామ్మ గుడికి వెళ్ళకపోవడమంటే, మా ఇంట్లో సైరన్ మోగకుండా పొద్దుగడిచినట్టే.

నేను ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. "మామ్మా, నాకూ చదవడం రాదు," అన్నాను.

"ఏటీ?"

మొత్తం చెప్పేశాను. వేలు జరపడం, కంఠతా పట్టడం, అంతా. మామ్మ చేపల చేత్తోనే నా వీపు మీద ఒక్కటిచ్చింది. మరు నిమిషంలో నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఒలమ్మ ఒలమ్మ! ఇద్దరికిద్దరం సరిపోనాం కదే!"

"రేపు నువ్వు నెంబరు తీసి నాకు చూపించు. నేను మొదటి రెండు మూడు అక్షరాలు కూడబలుక్కుంటాను. అంతవరకూ వచ్చు నాకు. మిగతాది నీకు తెలుసు కదా," అన్నాను.

మామ్మ నవ్వు ఆపింది. "అందరి ముందరా?"

"అందరి ముందరే."

మిగిలిన చేపలన్నీ కడిగింది. ఆఖరికి, "బియ్యం డబ్బాలోంచి కళ్ళజోడు తియ్యి. అంకెలు కనపడొద్దేటి," అంది.

ఆదివారం ముందు వరుసలోనే కూర్చున్నాం. వెనక గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి. అయ్యగారు నెంబరు చెప్పారు. మామ్మ వేలు తడి చేసుకుని నెంబరు తీసింది. పుస్తకం నా ముందు పెట్టి, దాచకుండా, అందరికీ వినపడేలా, "ఏటుందే?" అంది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం గట్టిగా కూడబలికాను. మూడో అక్షరం దగ్గరే మామ్మ నా చెయ్యి నొక్కి, "ఆఁ, తెలిసింది," అని పాట ఎత్తుకుంది. రెండో లైనుకి వెనకవాళ్ళు అందుకోవాలి. ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. అప్పుడు కుళాయి దగ్గర అందరికన్నా ఎక్కువ నవ్వినావిడే గొంతెత్తింది. పాట తెలియాలంటే ఆవిడకి మాత్రం మామ్మ తప్ప దిక్కెవరు? వెనకాలే అందరూ అందుకున్నారు. ఆ మరుసటి వారం నుంచి అయ్యగారు నెంబరు చెప్పాక, నేను కూడబలుక్కోవడానికి సరిపడా ఆగేవారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఆగేవారంతే.

అలా నెలలు గడిచాయి. మామ్మ ప్రతి శుక్రవారం మనిషి పీరియడుకి వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. మాస్టారు ఆవిడకో పలక ఇచ్చారు. "మామ్మగారు కూడా మన క్లాసేనండి," అనేవారు. ఎవరొచ్చి ఏం చెప్పినా పిల్లలతో పాటు రాసేది, రాసింది కొంగుతో తుడిచేసేది, చూపించమంటే, "ఏదో గీకతన్నాను," అనేది. నాకూ చదువు కుదిరింది. ఆదివారం మూడు అక్షరాలు కాస్తా మొత్తం లైనైంది, లైను చరణమైంది. మానిటరుతో పచ్చి కూడా తీరిపోయింది. వాళ్ళమ్మ ఆవకాయ, మా మామ్మ నెత్తళ్ళ పులుసు కంచాలు మారేవి.

క్రిస్మస్ ముందటి ఆదివారం. వెనకవాళ్ళెవరో గులాబీ పువ్వులనే పిండివంట డబ్బా తెచ్చారు. నూనెలో వేగిన ఆ తీపి వాసనకి నా బుర్ర పుస్తకంలో లేదు. మామ్మ "ఏటుందే?" అంది. నేను ఎదురు పేజీలో పాట చూసి, దాని మొదటి లైను గట్టిగా చదివేశాను. మామ్మ నేను చదివింది పాడలేదు. నెంబరుకి తగిన పాటే, సరైన పాటే ఎత్తుకుంది. నేను తల తిప్పి చూశాను. ఆవిడ తిన్నగా ముందుకి చూస్తూ పాడుతోంది. పెదవి చివర మాత్రం కొంచెం వణుకుతోంది, నవ్వాపుకుంటే వణికినట్టు.

దారిలో పట్టుకున్నాను. "మామ్మా! నీకు చదవడం వచ్చేసిందా?"

"ఎప్పుడో ఒచ్చీసింది."

"మరి వారం వారం నన్నెందుకు అడుగుతున్నావు?"

"నానడక్కపోతే నువ్వు పుత్తకం ముట్టుకుంతావేటే?" అంది మామ్మ, గులాబీ పువ్వు సగం విరిచి నా నోట్లో పెడుతూ.

ఇన్నేళ్ళూ రాకపోయినా వచ్చినట్టు పుస్తకం పట్టుకున్న మనిషి, వచ్చాక రానట్టు పట్టుకుంది. నాకోసం. ఆవిడ బతికినన్నాళ్ళూ గుడిలో మా ఆట అలాగే సాగింది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారం నా ముందు పుస్తకం పెట్టి, "ఏటుందే?" అనేది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం నటించేవాళ్ళం. అంతకన్నా సుఖమైన అబద్ధం నేను ఎరగను. మా మాస్టారు తరవాత గోదావరి వైపే బదిలీ అయి వెళ్ళిపోయారు. ఆ బడి ఉన్నచోట ఇప్పుడు వేరే కట్టడం ఏదో ఉందట. నేను చూడ్డానికి వెళ్ళలేదు.

నిన్న రుషికొండ క్యాంపస్‌కి వెళ్ళాను. మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల తెలుగు బాగానే మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం, "నాన్నమ్మా, తర్వాత," అంటుంది. ఆ 'తర్వాత' నాకు బాగా తెలిసిన 'తర్వాత'. కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో ఓ కాగితం పెట్టారు. ఎవరి తరవాత ఎవరు మాట్లాడాలో తెలుగులో రాసి ఉంది.

"అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను," అన్నాను. "కాస్త చూసి పెట్టమ్మా, ఏటుంది?"

మనవరాలు నా మొహంలోకి చూసింది, కాగితంలోకి చూసింది. కాసేపు కాళ్ళు ఊపింది. ఇక తప్పదని వేలు మొదటి లైను కింద పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలెట్టింది. కళ్ళజోడు నా సంచిలోనే ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని జిప్పు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.